ఎనిమిది సీసాలు, ఒక అబద్ధం

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. "పెట్టినానక్కా." అంతే. ఆ మాట ఎంత బరువో ఈ మంగళవారం దాకా నాకు సరిగ్గా తెలియలేదు. మంగళవారం నాకు డాక్టరేట్ వచ్చింది.

చూశారా, తప్పు ఒప్పుకుందామని కూర్చున్నదాన్ని, మొదటి పేరా దాటకుండానే డాక్టరేట్ సంగతి బయటపెట్టేశాను. ఏం చేయను, ఆగడం లేదు. మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. మా వీధిలోనే లేరు. చిట్టమూరు దాటి తూర్పుకి పోతే పులికాట్ సరస్సు ఒడ్డున ఉంటుంది మా ఊరు. చేపలూ రొయ్యలూ పట్టుకుని బతికే ఇళ్ళు. అక్కడినుంచి వచ్చిన పిల్ల ఫిజిక్స్‌లో డాక్టరేట్ తెచ్చుకుంది. ఆ పిల్ల నేనే. ఈ వాక్యం రాసి, చదువుకుని, మళ్ళీ చదువుకున్నాను. నాకు ఇంకా కొత్తగానే ఉంది.

సంతోషాన్ని వేరుగా, తప్పుని వేరుగా చెబుదామని చూశాను. కుదరలేదు. రెండూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద, ఒకే శుక్రవారం మధ్యాహ్నం మొదలయ్యాయి. ఒకటి తీస్తే రెండోది కూడా వస్తోంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మంగళవారం నా పరిశోధన గురించి అందరి ముందూ చెప్పి, బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగినవాటికి జవాబులివ్వాలి. అమ్మానాన్నా వచ్చారు. చివరి వరసలో కూర్చున్నారు. అమ్మ కొత్త చీర కట్టుకుంది, నాన్న చొక్కా పై గుండీ కూడా పెట్టుకున్నాడు. నేను మాట్లాడింది వాళ్ళకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా నాన్న కదలకుండా విన్నాడు, వల వేసి నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నప్పటిలాగా. అంతా అయిపోయి నన్ను డాక్టర్ అని ప్రకటించినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, పక్కనున్న అందరికీ వినపడేలా అంది:

"ఇన్నేళ్ళు సీసాలు కలిపినందుకే డాక్టరంటే, నేను పెళ్ళైనకాడ్నించి పులుసు కలపతా ఉండా. నన్నేం చెయ్యాల మీ యూనివర్సిటీ?"

అందరూ నవ్వారు. మా గైడ్ సార్ అందరికంటే ఎక్కువ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ సీసాలు కలపడం అన్న మాటకి అమ్మ చేతిలోంచి నా చెయ్యి తీసేసుకున్నాను.

ఎందుకో చెప్పాలంటే, ముందు నేనేం పని చేశానో చెప్పాలి. కష్టమైనదేమీ కాదు. వెండిని కంటికి కనపడనంత సన్నటి పొడి చేస్తారు, నానో రేణువులంటారు. ఆ పొడిని గ్లైకాల్ అనే ద్రవంలో కలుపుతాం. కారు ఇంజిను చల్లబడడానికి పోసే నీళ్ళలో ఉండేది ఆ గ్లైకాలే. వెండి కలిస్తే ఆ ద్రవం వేడిని బాగా లాక్కుపోతుంది. ఇంజినుకి అది మంచిదే. కానీ రేణువులు పడేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది కూడా. మరీ చిక్కబడితే పంపు దాన్ని తోయలేదు. కాబట్టి ఎంత వెండికి ఎంత చిక్కబడుతుందో తెలియాలి. దానికొక సన్నటి గాజు గొట్టం ఉంటుంది. ద్రవాన్ని పై గీత దాకా లాగి వదిలితే, కింది గీతకి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. ఎక్కువ సెకన్లు పడితే ఎక్కువ చిక్కన. ఇంతే.

ఆ గొట్టం పట్టుకోవడం నాకు నేర్పింది భారతక్క.

నేను ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు భారతక్క అదే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. మనుబోలు పక్కన పల్లెటూరు, వరి పండించే ఇల్లు. వాళ్ళింట్లోనూ మొదటి చదువు ఆమెదే. నేను ప్రాజెక్టు కోసం ఆ ల్యాబ్‌కి వెళ్ళిన మొదటి రోజే నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చింది. హాస్టల్లో నేను ఊరినుంచి వస్తే చేపల వాసనని ముక్కు మూసుకునే పిల్లలుండేవాళ్ళు. భారతక్క మాత్రం, ఎండు రొయ్యలు తేలేదా అని అడిగి తీసుకునేది. ఒక్కో రీడింగు ఐదుసార్లు తీసేది. ఐదో దానికి కొంచెం తేడా వచ్చినా గొట్టం కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. ఆ ఓపిక చూస్తే నాకు భయం వేసేది. ఇప్పుడు అదే ఓపిక నాకూ ఉందని అందరూ అంటారు. అది ఎవరి దగ్గరినుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆ శుక్రవారం సంగతికి వస్తాను. వస్తున్నాను. ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది.

పన్నెండు సీసాలు. ఒకటో సీసాలో అతి తక్కువ వెండి, పన్నెండో దాంట్లో అన్నిటికంటే ఎక్కువ. వెండి పొడిని ద్రవంలో వేసి ఊపితే చాలదు. ఆ రేణువులకు ఒకదాన్నొకటి అంటుకుని ముద్ద కట్టే గుణం ఉంది. ముద్దలు విడగొట్టడానికి సోనికేటర్ అని ఒక మెషీన్ ఉంటుంది. చిన్న స్టీలు తొట్టి, అందులో నీళ్ళు. సీసా నీళ్ళలో నిలబెట్టి స్విచ్ వేస్తే చెవికి అందని మోతతో నీళ్ళు వణికి, సీసా లోపలి ముద్దలు విడిపోతాయి. ఒక్కో సీసా గంటసేపు ఉండాలి. తొట్టిలో ఒకసారికి రెండే సీసాలు పడతాయి. అంటే మొత్తం ఆరు గంటల పని. ఆ పని నాది. శనివారం పొద్దున భారతక్క వచ్చి రీడింగులు తీసుకుంటుంది.

ఆ శనివారమే మా ఇంటికి పాడు వంతు వచ్చింది. సరస్సులో రొయ్య బాగా పడే చోట్లని పాడు అంటారు. ఊరంతా ఒకేసారి అక్కడ వలలు వేయరు, ఇంటింటికీ వంతు ఉంటుంది. వంతు వచ్చిన రోజు పోకపోతే అది పోయినట్టే. మళ్ళీ అందరివీ తిరిగి రావాలి. అమ్మకి జ్వరం. నాన్న వల లాగితే రొయ్యలు ఏరి, సైజుల వారీగా వేరుచేసి, ఎండెక్కకముందే ఒడ్డుమీదికి చేర్చే మనిషి లేదు. నేను పోవాలి. నెల్లూరులో నాలుగు గంటల బస్సు దొరికితేనే నాయుడుపేటలో మా ఊరి ఆఖరు బస్సు అందుతుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలుపెట్టాను. ఇంటికి రమ్మని నాన్న ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. రెండున్నరకి నాలుగు సీసాలు అయ్యాయి. ఐదూ ఆరూ తొట్టిలో పెట్టి స్విచ్ వేశాను. కరెంటు పోయింది.

కొంచెంసేపు చూశాను. తర్వాత ఐదో సీసా తీసుకుని చేత్తో ఊపడం మొదలుపెట్టాను.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. నేను పని ఎగ్గొడుతున్నానని ఆ నిమిషం నాకు అనిపించలేదు. నాన్న పడవ మోటారుకి పెట్రోల్లో ఆయిల్ కలిపేది చిన్నప్పటినుంచీ నేనే. క్యాన్‌ని రెండు చేతులా పట్టుకుని ఎలా ఊపాలో, ఎప్పుడు ఆపాలో నాకు తెలుసు. మా దగ్గర ఒకటే లెక్క. లోపల రంగు అంతా ఒకటే అయిందంటే కలిసినట్టే. నేను కలిపిన పెట్రోలుతో మా మోటారు ఏనాడూ నీళ్ళ మధ్యలో ఆగలేదు. ఊళ్ళో వేరేవాళ్ళు కూడా నా చేత కలిపించుకునేవాళ్ళు. అదొక గర్వం నాకు. సీసాలో బూడిదరంగు పైనుంచి కింది దాకా ఒకేలా వచ్చింది. అడుగున గీత లేదు. వెలుతురుకి పెట్టి చూశాను. కలిసింది అనుకున్నాను. యూనివర్సిటీ వాళ్ళకి మెషీన్ కావాలి, నాకు చేతులు చాలు అనుకున్నాను. ఆ మాట నిజంగానే అనుకున్నాను.

ఇంతటితో ఆగి ఉంటే దాన్ని తెలియనితనం అనేవాళ్ళేమో.

తొమ్మిదో సీసా ఊపుతుండగా కరెంటు వచ్చింది. సోనికేటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. నేను దానివైపు చూశాను. గడియారం వైపు చూశాను. స్విచ్ ఆపేశాను. పది, పదకొండు, పన్నెండు కూడా చేత్తోనే ఊపి, మూతలు బిగించి, వరసగా పెట్టాను. భారతక్క నోట్‌బుక్‌లో పన్నెండు సీసాలకూ ఎదురుగా "ఒక గంట" అని రాసి, గది తాళం వేసి, బస్టాండుకి పరిగెత్తాను.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా? ఏడేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. చెబితే భారతక్క, పోమే, సోమవారం చూసుకుందాం అనేది. కచ్చితంగా అనేది. అయినా చెప్పలేదు. పాడు వంతు ఉంది, రొయ్యలు ఏరాలి, అందుకే పని మధ్యలో వదిలేశాను అని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. చేపల వాళ్ళ పిల్ల అంతే అని ఎవరైనా అంటారేమో అని కాదు, భారతక్క అనదు. నాకే ఇష్టం లేదు. చెప్పిన పని చెప్పినట్టు పూర్తిచేసే పిల్లని అనిపించుకోవాలి. అలా అనిపించుకోవడం కోసం పని పూర్తిచేయకుండా పూర్తయిందని రాశాను. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువగా ఉందో. అప్పుడు మాత్రం అది నాకు మర్యాద కాపాడుకోవడంలా ఉంది.

శనివారం పాడులో రొయ్య బాగా పడింది. సోమవారం ల్యాబ్‌కి వెళ్ళేసరికి భారతక్క ఒక పెట్టె మలై కాజా తెచ్చి బల్ల మీద పెట్టి ఉంది. మొహం వెలిగిపోతోంది. గ్రాఫు చూపించింది. ఒకటి నుంచి నాలుగో సీసా దాకా గీత మెల్లగా, పుస్తకాల్లో ఉన్న సూత్రం చెప్పినట్టే పైకి పోతోంది. ఐదో సీసా దగ్గర ఒక్కసారిగా లేచింది. అక్కడినుంచి పన్నెండు దాకా పైపైనే. కొంత వెండి దాటగానే ద్రవం ఉన్నట్టుండి చిక్కబడుతోంది, ఇది ఎవరూ చూడలేదు అంది భారతక్క. కాజా నోట్లో పెట్టింది.

గీత లేచింది ఐదో సీసా దగ్గర. కరెంటు పోయింది ఐదో సీసా దగ్గర. నాకు అప్పుడే అర్థమైంది. ఆ నిమిషంలోనే. ఇంకో కాజా కూడా తిన్నాను.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, నిదానంగా చెప్పే ధైర్యం లేదు. సార్ ఆ గ్రాఫుని బయటి నిపుణుడు ఒకాయనకి పంపారు. ఆయన, ఇంత పెద్ద మార్పు నమ్మలేం, మళ్ళీ చేసి చూపించండి అన్నారు. సార్ కొత్త సీసాలు తయారు చేయించి, తన ఎదుటే సోనికేటర్‌లో పెట్టించారు. గీత ఎక్కడా లేవలేదు. మెల్లగా, చక్కగా, సూత్రం చెప్పినట్టే పోయింది. డిపార్ట్‌మెంట్ మీటింగులో అందరూ ఉండగా సార్ భారతక్కని అడిగారు, ఈ లేచిన గీత నీకు ఎక్కడిదమ్మా అని. కోపంగా అడగలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. కూర్చుని రాసుకున్న అంకెలు అని ఎవరూ పైకి అనలేదు. కారిడార్లో మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఇద్దరమే ఉన్నాం. భారతక్క గొట్టాలు కడుగుతోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఒక మాట అడగతా, ఏమనుకోబాక."

"అడగక్కా."

"ఆ శుక్రవారం సీసాలు పన్నెండూ గంట గంట పెట్టినావా?"

"పెట్టినానక్కా."

"మధ్యలో కరెంటు గాని పోయిందా ఏమన్నా?"

"లేదక్కా."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోమే. నిన్ను తిట్టేదానికి అడగటంలా. పోయుంటే పోయిందని చెప్పు, నేను సార్‌కి చెప్పుకుంటా."

"పోలేదక్కా. నేనెందుకు అబద్ధం చెప్తా?"

అప్పుడు తిరిగి చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

"అట్టయితే నా చేతుల్లోనే యాడో తప్పు జరిగుండాది. టైము చూసేది గూడా చాతగాలేదు నాకు. ఇంకెందుకు ఈ చదువు."

అంతే. ఆ మాట అని మళ్ళీ గొట్టం కడగడం మొదలుపెట్టింది. సార్‌కి చెప్పుకుంటా అని తలుపు తెరిచి పెట్టింది నాకు. ఒక్క అడుగు వేస్తే చాలు. వేయలేదు. ఎందుకు వేయలేదు? ప్రాజెక్టు మార్కులు పోతాయనా? పీహెచ్‌డీ సీటు రాదనా? రెండూ నిజమే. వాటికంటే పెద్ద నిజం ఇంకోటుంది. ఆ ల్యాబ్‌లో అప్పటిదాకా నా పనిలో ఎవరూ తప్పు పట్టలేదు. ఆ పేరు పోతుందని భయం.

భారతక్క ఆ ఏడాది చివర్లో పరిశోధన మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. తానే పోయింది. నాయుడుపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. మా ఊరికి పోయే ప్రతిసారీ బస్సు ఆ కాలేజీ ముందునుంచే పోతుంది. నేను ఎప్పుడూ అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

నేను అదే సార్ దగ్గర పీహెచ్‌డీలో చేరాను. మొదటి మీటింగులో సార్ అడిగారు, ఏం చేయాలనుకుంటున్నావని. అంతే వెండి, అంతే ద్రవం తీసుకుని, కలిపే తీరు మార్చితే చిక్కదనం మారుతుందా చూడాలి సార్ అన్నాను. సార్ మంచి ప్రశ్న అన్నారు. అందరూ మంచి ప్రశ్న అన్నారు. జవాబు నాకు ముందే తెలుసని, అది భారతక్క గ్రాఫులోనే ఉందని నేనొక్కదాన్నే ఎరుగుదును.

అయినా ఈ మాట దాచను. ఆ పని నేను గొప్పగా చేశాను. దొంగతనంగా మొదలైన పనిని నిజాయితీగా చేశాను అంటే మీరు నవ్వుతారేమో, కానీ అదే జరిగింది. పది నిమిషాలు కలిపినవి, అరగంట కలిపినవి, గంట కలిపినవి, చేత్తో ఊపినవి. ఊపిన వెంటనే, మర్నాడు, వారం తర్వాత. లెక్కలేనన్ని రీడింగులు. ఒక్కదాంట్లోనూ అబద్ధం లేదు. ముద్ద కట్టిన రేణువులు తమ మధ్య సందుల్లో ద్రవాన్ని పట్టేసుకుంటాయి. పట్టుబడిన ద్రవం ఇంక పారదు, ముద్దతోపాటే కదులుతుంది. అందుకే వేసిన వెండి కొంచెమే అయినా, ఎంతో వేసినట్టు ద్రవం మొరాయిస్తుంది. మా సరస్సులో నాచు పోగులు విడిగా ఉంటే పడవ జారిపోతుంది. అదే నాచు ముద్ద కట్టి నీళ్ళని పట్టేసుకుంటే గెడ వేసి తోసినా కదలదు. ఇది గీతలు గీసి, కొలిచి చూపించాను. గర్వంగా ఉంది. ఈ తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా ఆ గర్వం తగ్గడం లేదు. తగ్గాలా? నాకు తెలియదు.

పోయిన ఏడాది థీసిస్ రాస్తున్నప్పుడు ల్యాబ్ బీరువాలో భారతక్క నోట్‌బుక్ దొరికింది. ఎడమవైపు నా చేతిరాత, "ఒక గంట" అని పన్నెండుసార్లు. ఒకే ఇంకు, ఒకే ఊపులో రాసినట్టు తెలిసిపోతోంది. కుడివైపు భారతక్క రీడింగులు, ఒక్కోదానికి ఐదేసి. వాటిని తీసుకుని నా గ్రాఫు మీద పెట్టాను. మొదటి నాలుగు చుక్కలు సోనికేటర్ గీత మీద కూర్చున్నాయి. మిగతా ఎనిమిదీ చేత్తో ఊపిన గీత మీద కూర్చున్నాయి. పక్కకి జరగలేదు. ఒక్కటి కూడా. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. ఎంత బాగా కొలిచావక్కా అని పైకే అన్నాను. నేను సీసాలో పెట్టిన తప్పుని కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచింది. అలాంటి మనిషి తన చేతులే సరిలేవని నమ్మి వెళ్ళిపోయింది. నోట్‌బుక్ మూసి బీరువాలో పెట్టాను. అవును, మళ్ళీ పెట్టేశాను.

మంగళవారం బయటి ప్రొఫెసర్ చివరి ప్రశ్న అడిగారు. కలిపే తీరు మీద పని చేయాలని మీకు ఎలా తట్టింది? ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు సిద్ధం చేసుకున్నాను. మా నాన్నకి పడవ ఉంది సార్, మోటారుకి పెట్రోల్లో ఆయిల్ నేనే కలిపేదాన్ని, చిన్నప్పటినుంచీ కలపడం గురించే ఆలోచించేదాన్ని అన్నాను. ఆయన ముచ్చటపడ్డారు. వెనక్కి తిరిగి, ఏరీ మీ నాన్నగారు అన్నారు. నాన్న లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నమస్కారం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

భారతక్క పేరు చెప్పాల్సిన చోట నేను నాన్నని నిలబెట్టాను. ఆ చప్పట్లకి నాన్న మొహం చూసి ఇంక నా వల్ల కాలేదు.

బుధవారం నాయుడుపేటలో దిగాను. స్టాఫ్ రూములో భారతక్క నన్ను చూడగానే లేచి, డాక్టరమ్మా అని పిలిచి, పక్కన మేడం వాళ్ళకి మా చెల్లెలు అని చెప్పి, కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. బయట వరండాలోకి రమ్మని, నిలబడే అంతా చెప్పాను. కరెంటు, ఎర్ర లైటు, బస్సు, నోట్‌బుక్‌లో రాత, సాయంత్రం చెప్పిన మాట. గ్రాఫు ఇచ్చాను. భారతక్క కాగితం వైపే చూస్తూ ఉంది. ఒకటే అడిగింది.

"ఏ సీసాలు?"

"ఐదు నుంచి పన్నెండక్కా."

చూపుడువేలితో ఆ ఎనిమిది చుక్కల మీదా ఒక్కొక్కటిగా పోయింది. "అయితే నేను చూసినప్పుడు నిజంగానే అంత ఉండింది" అంది. నాతో కాదు. బెల్లు కొట్టారు. క్లాసుండాది అని, కాగితం మడిచి చేతిలోనే పట్టుకుని మెట్లెక్కి పోయింది. నేను ఆ పీరియడ్ అయిపోయేదాకా నిలబడ్డాను. తర్వాతి పీరియడ్ కూడా. భారతక్క రాలేదు. రావాలని ఏముంది?

గురువారం సార్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. దీన్ని కమిటీకి పంపాలి, నీ డిగ్రీ ఏమవుతుందో వాళ్ళే చెప్పాలి అన్నారు. తర్వాత, ఆ అమ్మాయిని అందరి ముందూ అడిగింది నేను, నేనూ వెళ్ళాలి అన్నారు. నా వైపు చూడలేదు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకి చెబితే పాడు వంతుకి రమ్మన్నది నేనే కదా అని తన మీద వేసుకుంటాడు. వేసుకోనివ్వను. వంతు ఎవరిదైనా, స్విచ్ ఆపింది నా చెయ్యి. అమ్మ మాత్రం వీధంతా తిరిగి చెబుతోంది, మా పాప డాక్టరని. ఆ మాట వింటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, దాచడం దేనికి. కమిటీ రేపు కాదంటే అమ్మ మళ్ళీ వీధంతా తిరిగి ఏం చెబుతుందో ఊహించుకోలేకపోతున్నాను.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. అది మీ చేతిలో లేదు, భారతక్క చేతిలో ఉంటే ఉండొచ్చు, ఆమె కూడా ఇవ్వకపోవచ్చు. ఇన్నేళ్ళూ లోపల తిప్పుకుంటూ వచ్చినదాన్ని కాగితం మీద వరసగా పెట్టాను. ఇంత సేపూ ఆగి ఆగి రాసిన చెయ్యి ఇప్పుడు ఆగడం లేదు. అదొక్కటే నాకు దక్కింది, ప్రస్తుతానికి చాలు.

థీసిస్‌లో ఒక పేజీ కొత్తగా చేర్చి ఇచ్చాను. డిగ్రీ ఉన్నా పోయినా ఆ పేజీ ఉండాలని సార్‌ని అడిగాను. అందులో ఉన్నది ఇదే. పన్నెండు సీసాల్లో ఎనిమిదింటిని నేను సోనికేటర్‌లో పెట్టలేదు. పెట్టానని రాశాను, పెట్టానని చెప్పాను. భారతి తీసిన రీడింగులన్నీ సరైనవి.